బ్రూస్‌లీ కూడా మంచం పట్టాడు: డిస్క్ జారిన ఒక కరాటే మాస్టర్ అనుభవం

2024 జూన్ 9, ఆదివారం పొద్దున. విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి మేడ మీద రేకుల షెడ్డే మా కరాటే స్కూలు. ఆరున్నర బ్యాచ్ పిల్లలు ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను స్టాండు మీదికి ఎత్తి పక్కకి తిప్పుతుంటే నడుములో చటుక్కున ఏదో కదిలినట్టయింది. అప్పటికి పెద్ద నొప్పేమీ లేదు. క్లాసు మొత్తం నిలబడే చెప్పాను. రాత్రి కింద కూర్చుని అన్నం తిని లేవబోతే లేవలేకపోయాను. ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా వైరు పెట్టి కరెంటు వదిలినట్టు లాగేసింది. మా ఆవిడ, మా అబ్బాయి చెరో చెయ్యీ పట్టుకుని లేపారు.

నాకు 45 ఏళ్లు. పన్నెండో ఏట తెల్ల బెల్టు కట్టాను. ముక్కు పగిలింది, వేళ్లు విరిగాయి, ఒక టోర్నమెంటులో పక్కటెముక చిట్లింది. వాటిలో దేనికీ వారం మించి మంచం ఎక్కలేదు. చివరికి నీళ్ల టిన్ను పడగొట్టింది. ఎవరికి చెప్పినా ముందు నవ్వారు, తర్వాత అయ్యో అన్నారు. డిస్క్ జారి మంచంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల టెన్షన్ తగ్గడానికి ముందే చెప్పేస్తాను: ఆపరేషన్ లేకుండానే లేచాను. కానీ నేను అనుకున్నట్టు లేవలేదు.

ఏమనుకున్నానో చెప్పాలంటే మా షెడ్డు గోడ మీద పోస్టరు గురించి చెప్పాలి. తెలుగు ఊళ్లలో ఏ కరాటే స్కూలుకి వెళ్లినా బ్రూస్‌లీ ఉంటాడు. నిజానికి ఆయన కరాటే మనిషి కాదు. హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి నేర్చుకున్నాడు, తర్వాత అమెరికాలో తన సొంత పద్ధతికి జీత్ కున్ డో అని పేరు పెట్టుకున్నాడు. అయినా మా గోడల మీద ఆయనే. మా గురువుగారు ప్రతి బెల్టు పరీక్ష ముందూ ఒక కథ చెప్పేవారు. "నడుము విరిగింది, ఇక జన్మలో కాలెత్తలేవు అన్నార్రా డాక్టర్లు. మరుసటేడు లేచి ప్రపంచాన్ని తన్నాడు." కథ అంతే, రెండే మాటలు. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో మేమెవరం అడగలేదు. నేను మంచం ఎక్కాక నాకు కావలసింది సరిగ్గా ఆ మధ్య భాగమే.

జూన్ 11న దగ్గర్లో ఉన్న ఎముకల డాక్టరుకి చూపించాను. ఫీజు 500, ఎక్స్‌రే 400. ఎముకలన్నీ బాగున్నాయన్నారు. డిస్క్ సంగతి ఎక్స్‌రేలో తెలియదని తర్వాత తెలిసింది. రెండు వారాలకి నొప్పి మాత్రలు, నడుముకి బెల్టు ఇచ్చి కదలకుండా పడుకోమన్నారు. కరాటేలో ఒక్కో బెల్టుకి నెలల తరబడి చెమటోడ్చాలి, ఇది మాత్రం 900 కడితే అక్కడికక్కడే నడుముకి కట్టేశారు.

ఆ రెండు వారాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పడుకుంటే ఫర్వాలేదు, నిలబడితే ఓర్చుకోవచ్చు, కూర్చుంటే నరకం. మామూలు మనిషి రోజులో ఎన్నిసార్లు కూర్చుంటాడో అప్పుడు తెలిసింది. మాది ఇండియన్ బాత్రూమ్. రెండో రోజుకే మధ్యలో కన్నం ఉన్న కమోడ్ కుర్చీ 1,800 పెట్టి కొన్నాం, ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన మంచి ఖర్చు అదే. తుమ్ము వస్తుందంటే భయం. గోడకి చెయ్యి ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి తుమ్మితే నడుము మీద దెబ్బ తగ్గుతుంది. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, మా మేనత్త చెప్పింది. ఆటోలో వెళ్లడం కంటే సిటీ బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడి వెళ్లడమే హాయిగా ఉండేది. నాకంటే పెద్దావిడ ఒకామె లేచి "కూర్చో నాయనా" అంటే వద్దని చెప్పడానికి నానా తంటాలు పడ్డాను.

తగ్గలేదు. జూన్ 24న సూర్యారావుపేటలో ఎమ్మారై తీయించాను. 6,500 అయింది, రాత్రి తొమ్మిదింటికి గానీ టైము దొరకలేదు. ఆ గొట్టంలో చప్పుడు గురించి అందరూ భయపెట్టారు గానీ చప్పుడు సమస్యే కాదు. ఇరవై నిమిషాలకు పైగా కాళ్లు చాపుకుని వెల్లకిలా కదలకుండా ఉండటమే అసలు పరీక్ష. మోకాళ్ల కింద దిండు పెట్టమని అడగండి, పెడతారు. నేను అడగలేదు, పక్కన ఉన్న టెక్నీషియనే నా మొహం చూసి పెట్టాడు. మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఎల్5, ఎస్1 మధ్య (అంటే నడుము చివరి పూసకీ, దాని కింద సేక్రల్ భాగంలో మొదటి పూసకీ మధ్య) డిస్క్ బయటికి పొడుచుకొచ్చి ఎడమవైపు ఎస్1 నరాన్ని నొక్కుతోంది.

ఆ రిపోర్టు పట్టుకుని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి సర్జన్ ఫిల్ము లైటుకి పెట్టి చూసి, నా కాలు ముట్టుకోకుండానే, ఈ వారంలోనే ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఆలస్యమైతే కాలు పడిపోవచ్చన్నారు. కింద కౌంటరులో లక్షా 80 వేలు అవుతుందని కాగితం రాసిచ్చారు, ముందుగా కడితే కొంత తగ్గిస్తారట. మా ఆవిడ ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా బీరువా తీసి గాజులు మంచం మీద పెట్టింది. ఆ రాత్రి నొప్పి కంటే భయమే ఎక్కువ బాధ పెట్టింది. కాలే నా కూడు. కాలు పడిపోతే ఈ వయసులో ఏం చేస్తాను?

మా దగ్గర నేర్చుకునే ఒక పాప వాళ్ల నాన్నగారు మందుల కంపెనీలో పనిచేస్తారు. ఆయనే ఆపారు. "మాస్టారూ, ఇంకొకరికి చూపించందే సంతకం పెట్టకండి" అని ఒక న్యూరోసర్జన్ దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పించారు. వారం ఆగాల్సి వచ్చింది. జూలై 3న వెళ్లాం, ఫీజు 800.

ఈయన ముందు ఫిల్ము చూడలేదు, నన్ను చూశారు. మునివేళ్ల మీద నడవమన్నారు. తర్వాత మడమల మీద. ఎడమ కాలు ఒక్కదాని మీదే నిలబడి మునివేళ్ల మీద పైకి లేవమన్నారు. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తారు, సగం ఎత్తకముందే అరిచాను. చిన్న సుత్తితో మడమ వెనక కొడితే కుడి పాదం ఎగిరింది, ఎడమది ఊరుకుంది. సూదితో పాదం అంచున గుచ్చి తెలుస్తోందా అని అడిగారు. అప్పుడు గానీ ఫిల్ము తీయలేదు. "నరం నలిగింది, కానీ బలం ఉంది. ఆరు వారాలు చూద్దాం. ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బయటికొచ్చిన డిస్క్ ముక్కని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది" అన్నారు. తర్వాత వేలు చూపిస్తూ గట్టిగా చెప్పిన మాట ఇది: ఒంటికి రావడం తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, మలం అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం వేలాడిపోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వచ్చేయాలి. అప్పుడు ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకూడదట. ఆ కాగితం మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఇంకా అంటించే ఉంది.

వెళ్లేముందు నేనే అడిగాను. "సార్, బ్రూస్‌లీకి నాలుగో సేక్రల్ నరం దెబ్బతిందని చదివాను. నాకు మొదటిది, ఎస్1. నాదే నయమా?" ఆయన నవ్వారు. "నాలుగోది మూత్రాశయం, మలద్వారం వైపు వెళ్లే నరం మాస్టారూ. కాలెత్తి తన్నడానికి దానితో పెద్ద పని లేదు. మీ కథలో ఏదో తేడా ఉంది." నాకు మతిపోయింది. ఇంగ్లిషులో బ్రూస్‌లీ గురించి రాసిన చాలాచోట్ల నాలుగో సేక్రల్ నరమే ఉంటుంది. అందరూ ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారో ఏమో.

ఇంటర్ చదివే మా అబ్బాయికి ఆ మాట పట్టుకుంది. అప్పటి నుంచి రాత్రిళ్లు నా మంచం పక్కన కూర్చుని ఫోన్లో వెతికి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. నేను ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని వినేవాణ్ని. ముప్పయ్యేళ్లుగా ఆరాధించే మనిషి గురించి నాకు సగం కూడా తెలియదని ఆ జూలైలో తేలింది.

1970 ఆగస్టు 13న జరిగింది ఆయనకి దెబ్బ. ఫైటింగ్‌లో కాదు. దాదాపు తన ఒంటి బరువంత బరువు భుజాల మీద పెట్టుకుని నడుము వంచి లేచే వ్యాయామం చేస్తుంటే జరిగింది. జిమ్ముల్లో దాన్ని గుడ్ మార్నింగ్ అంటారు. నాకు నీళ్ల టిన్ను, ఆయనకి గుడ్ మార్నింగ్. అది విన్నాక నా సిగ్గు కొంత తగ్గింది. అప్పుడాయనకి 29 ఏళ్లు. కొడుకు బ్రాండన్‌కి ఐదేళ్లు, కూతురు షానన్ ఏడాది దాటిన పిల్ల. లాస్ ఏంజెలిస్‌లో పెద్ద ఇల్లు కొని వాయిదాలు కడుతున్నాడు. 1966లో మొదలైన ‘ది గ్రీన్ హార్నెట్’ టీవీ సీరియల్‌లో కేటో అనే పాత్రతో పేరొచ్చింది గానీ అది ఒక్క సీజనుతో ఆగిపోయింది. ఆ తర్వాత ఇల్లు గడిచింది చాలావరకు పాఠాల మీదే. స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ లాంటి సినిమావాళ్లు, బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఆయన శిష్యులు. అంటే మాలాగే, ఒళ్లు కదిలితేనే ఫీజు. పోస్టరులో చూసిన బ్రూస్‌లీ వేరు, నెల తిరిగేసరికి వాయిదా కట్టాల్సిన ట్యూషన్ మాస్టర్ బ్రూస్‌లీ వేరు. ఈ రెండోవాడు నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

మొదట మూడు నెలలు దాదాపు మంచం మీదే. మొత్తం ఆరు నెలలకి గానీ మెల్లగా సాధన మొదలుపెట్టలేదట. ఆ కాలంలో ఆయన భార్య లిండా ఉద్యోగానికి వెళ్లింది. ఫోన్లు అందుకుని కబుర్లు రాసిపెట్టే ఆఫీసులో పని. ఆమె వచ్చేదాకా పిల్లల్ని ఈయనే చూసుకునేవాడు. అబ్బాయి ఇది చదువుతున్నప్పుడు మా ఆవిడ పక్క గదిలో జాకెట్లు కుడుతోంది. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ పేరేంటన్నావు?" అని అడిగింది. "లిండా" అన్నాడు వాడు. "మరి ఆవిడ పోస్టరు ఎక్కడా వెయ్యలేదేం?" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

మా లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. నెలకి పిల్లవాడికి 700 ఫీజు. నేను పడ్డాక బ్రౌన్ బెల్టు కుర్రాడొకడు కాలేజీ మానకుండా పొద్దునా సాయంత్రం క్లాసులు నడిపాడు. అయినా జూలై చివరికి సగంమంది మానేశారు. కొందరు తల్లిదండ్రులు "మాస్టారు లేచాక పంపుతాం" అన్నారు, కొందరు చెప్పకుండానే ఊరుకున్నారు. తప్పేముంది? మా ఆవిడ శ్రావణమాసం ముందు వచ్చిన ఆర్డర్లన్నీ ఒప్పుకుని రాత్రి పన్నెండింటి దాకా కుట్టింది. ఆ రెండు నెలలు ఇల్లు నడిపింది జాకెట్లే.

ఫిజియోథెరపీ జూలై 8న మొదలైంది, ఒక్కోసారికి 400. మొదటి నెల దాదాపు రోజూ వెళ్లాను. కరెంటు పెట్టడం, వేడి పెట్టడం కాసేపు హాయిగా ఉండేవి గానీ నన్ను లేపినవి అవి కాదు. ఫిజియో అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయి. బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద మెల్లగా పైకి లేవమనేది. మా వార్మప్‌లో పిల్లలతో చేయించేదే, భుజంగాసనం లాంటిది. దాన్ని నేను ఓ పది చేసేసరికి చెమటలు పట్టేవి. ఒకరోజు నడుము మధ్యలో నొప్పి పెరిగిందని గాభరాగా చెప్పాను. "పిక్కలో ఎలా ఉంది అంకుల్?" అంది. ఆలోచిస్తే పిక్కలో లాగడం తగ్గింది. "కిందనుంచి నొప్పి పైకి, నడుములోకి వస్తోందంటే మంచిదే. నడుములోంచి కిందకి దిగితే చెప్పండి, అప్పుడు ఆపేద్దాం" అంది. నాకు ఇది అన్నిటికంటే పనికొచ్చిన మాట. అప్పటిదాకా ఎక్కడ నొప్పి పెరిగినా రోగం ముదిరిందనే అనుకునేవాణ్ని. (అంకుల్ అనే పిలుపు ఆగస్టు దాకా సాగింది. నేను బ్లాక్ బెల్టునని ఎవరో చెప్పాక మాస్టర్ గారూ అయ్యాను.)

సలహాలకి కొదవ లేదు. ఒకాయన పుత్తూరు కట్టుకి పొమ్మన్నాడు. విరగని ఎముకకి కట్టేమిటో అడిగితే "వెళ్లి చూడండి" అన్నాడు. నడుము తొక్కిస్తే సర్దుకుంటుందని ఇంకొకాయన ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చేశాడు. మా అమ్మ గుమ్మంలోనే కాఫీ ఇచ్చి పంపేసింది.

ఆగస్టు మొదట్లో అబ్బాయి బ్రూస్‌లీ చావు దాకా వచ్చాడు. 1973 జూలై 20, హాంకాంగ్. తలనొప్పిగా ఉందని ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. మెదడు వాచింది. 32 ఏళ్లు. ఆ మాత్ర ఒంటికి పడకపోవడమే కారణమని అప్పటి విచారణలో చెప్పారు. ఆ తర్వాత ఇంకా ఎన్నో కారణాలు చెప్పుకున్నారనుకోండి. అప్పటికి నేను రోజూ నొప్పి మాత్రలు మింగుతున్నాను. మా అమ్మ ఇది విని నా మాత్రల డబ్బా దాచేసింది. డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే ఆయన కొట్టిపారేయలేదు. "భయపడాల్సింది మెదడు గురించి కాదు, కిడ్నీ, కడుపు గురించి" అని కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోమన్నారు. 200 రూపాయల పరీక్ష, బాగానే ఉంది. ఆ వారంతోనే నొప్పి మాత్ర ఆపించి, నరాల మాత్ర రాత్రి ఒక్కటే ఉంచారు. అది వేసుకుంటే మర్నాడు పదింటి దాకా మత్తుగా ఉండేది. దాన్ని ఒక్కసారిగా మానకూడదు, మెల్లగా తగ్గించాలి.

ఆరు వారాలు అయ్యేసరికి ఆగస్టు మూడో వారం. కాలు దాదాపు పూర్తిగా పైకి ఎత్తగలుగుతున్నాను. మడమ వెనక సుత్తి దెబ్బకి మాత్రం పాదం కదల్లేదు. ఆపరేషన్ మాట ఇక ఎత్తనక్కర్లేదన్నారు డాక్టరు. మూడు నెలలు బరువు ఎత్తకూడదు, ముందుకి వంగకూడదు, నడక మాత్రం ఎంతైనా చేయొచ్చు. పొద్దున్నే మా వీధి చివరి దాకా నడక మొదలుపెట్టాను.

పది రోజులు నడిచానో లేదో, సెప్టెంబర్ 1న తెల్లవారేసరికి బుడమేరు వాగు మా ఇంట్లో ఉంది.

విజయవాడవాళ్లకి ఆ వారం గురించి చెప్పక్కర్లేదు. మొదట చీలమండ దాకా, చూస్తుండగానే మోకాలు, మధ్యాహ్నానికి నడుం దాటింది. మా అమ్మకి 76 ఏళ్లు, మెట్లెక్కలేదు. బియ్యం బస్తా, గ్యాస్ బండ, మా ఆవిడ కుట్టుమిషను, అన్నీ కిందే. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. ముప్పయ్యేళ్లు ఒంటిని సాధన చేసుకున్న మనిషికి ఇలాంటి రోజు కోసమే కదా సాధన అనిపిస్తుంది. బ్రౌన్ బెల్టు కుర్రాడు ఛాతీ లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు, వాడితో ఇంకో ఇద్దరు. నేను బస్తా మీద చెయ్యి వేయబోతే వాడు మొదటిసారి నా మీద అరిచాడు. "మాస్టారూ, చెయ్యి తీయండి!" తీశాను. మా అమ్మని వీపు మీద ఎక్కించుకుని మేడ మీద షెడ్డులోకి తీసుకెళ్లాడు. మిషను తల ఊడదీసి పైకి చేర్చారు, మోటారు నీళ్ల పాలయింది. నేను టార్చి పట్టుకున్నాను.

నాలుగు రాత్రులు షెడ్డులోనే, ప్రాక్టీసు మ్యాట్ల మీద పడుకున్నాం, పక్కింటి రెండు కుటుంబాలతో సహా. మేమున్న వీధిలోకి పడవ రెండో రోజు సాయంత్రానికి వచ్చింది. డ్రోన్లతో పులిహోర పొట్లాలు వేశారు. నీళ్ల మధ్య ఉండి తాగే నీళ్లకే కరువు. నా నడుము మాత్రం ఏమీ అనలేదు. గట్టి మ్యాట్ మీద మా పరుపు మీద కంటే బాగా నిద్రపట్టింది. రెండో రోజు పొద్దున అలవాటుగా బోర్లా పడుకుని నా ఎక్సర్‌సైజు చేసుకుంటుంటే పక్కింటి పిల్లలు కూడా నా పక్కన వరసగా బోర్లా పడుకుని మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక పనికొచ్చే సంగతి. నా ఎమ్మారై ఫిల్ములు, డాక్టరు చీటీలు అన్నీ బీరువా అడుగున ఉండి నానిపోయాయి. రిపోర్టు ఫొటో మా అబ్బాయి ఫోన్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మళ్లీ 6,500. వచ్చిన ప్రతి కాగితం ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. నేల అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు మా ఖాతాలో పడ్డాక మొదట మిషను మోటారు బాగుచేయించాం. నా స్కూటరు నవంబరు దాకా అలాగే పడి ఉంది, నడవడానికి అది కూడా ఒక కారణమే.

బురద కడుక్కోవడం అయ్యాక, అక్టోబరులో, మిగిలిన భాగం కూడా చదవమన్నాను. మంచంలో ఉండగా బ్రూస్‌లీ ఊరుకోలేదు, నోటు పుస్తకాలు నింపాడు. ఆయన పోయాక 1975లో అవి పుస్తకంగా వచ్చాయి. 1971లో హాంకాంగ్ నిర్మాణ సంస్థ గోల్డెన్ హార్వెస్ట్‌తో రెండు సినిమాలకి 15 వేల డాలర్లకి ఒప్పుకుని, మొదటి సినిమా షూటింగుకి థాయ్‌లాండ్‌లోని పాక్ చాంగ్ అనే ఊరికి వెళ్లాడు. దెబ్బ తగిలి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు. అక్కడ చీలమండ బెణికితే క్లోజప్‌లు తీసుకుంటూ నెట్టుకొచ్చారు. ఆ సినిమాతోనే హాంకాంగ్‌లో ఆయన స్టార్ అయ్యాడు. మా గురువుగారి కథలో "ప్రపంచాన్ని తన్నాడు" అన్నది ఇక్కడి నుంచి. ఆయన చెప్పనిది ఏమిటంటే నడుము నొప్పి బ్రూస్‌లీని పూర్తిగా ఎప్పుడూ వదల్లేదు. లిండా ఆ మాట చెప్పింది. మనం తెర మీద చూసే ఆ తన్నులన్నీ నొప్పి ఉన్న నడుముతో కొట్టినవే. తగ్గిపోయాక కొట్టినవి కావు. చిన్నప్పుడు తెలిసి ఉంటే నాకు ఇది నచ్చేది కాదు. ఇప్పుడు మాత్రం ఆ మనిషి మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

అక్టోబరు మధ్యలో నిలబడి కటాలు (ఒక వరసలో చేసే కరాటే కదలికలు) మొదలుపెట్టాను, తన్నులు లేకుండా. డిసెంబరులో ముందుకి తన్నే మాయెగేరి, మోకాలి ఎత్తులో. ఫిజియో అమ్మాయి దగ్గరుండి చూసింది. పక్కకి తన్నడానికి 2025 మార్చి దాకా ఆగాను. ఇప్పుడు నడుం ఎత్తు దాకా వెళ్తున్నాను, తల ఎత్తు తన్నులు పిల్లలే చేసి చూపిస్తారు. ఎడమ మడమ రిఫ్లెక్స్, అంటే సుత్తి దెబ్బకి పాదం ఎగరడం, ఇంకా రాలేదు. ఎప్పటికీ రాకపోవచ్చు, దానివల్ల నష్టం లేదు అన్నారు డాక్టరు. పాదం బయటి అంచు చలికాలంలో కొంచెం మొద్దుబారుతుంది. బండి మీద గంటకి మించి కూర్చుంటే దిగి నాలుగడుగులు వేస్తాను.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: డాక్టర్లు, ఎమ్మారై, మాత్రలు, ఫిజియో, కమోడ్ కుర్చీ, బెల్టు అన్నీ కలిపి 35 వేల లోపే. పోయిన ఫీజులు అంతకు రెండింతలు ఉంటాయి. మానేసిన పిల్లల్లో చాలామంది సంక్రాంతి తర్వాత తిరిగొచ్చారు. బ్రౌన్ బెల్టు కుర్రాడికి ఈ ఏప్రిల్‌లో బ్లాక్ బెల్టు వచ్చింది, సాయంత్రం బ్యాచ్ పూర్తిగా వాడిదే, ఆ ఫీజు కూడా వాడికే.

మొన్న ఆ బ్యాచ్‌లో ఒక పిల్లాడి తండ్రి ఫోన్ చేశాడు. లారీ డ్రైవరు. కాలు లాగుతోందట, ఎక్కడో వెంటనే ఆపరేషన్ అన్నారట. ఫోన్ స్పీకర్లో పెట్టించి, గోడ పట్టుకుని లాగుతున్న కాలి మీద ఒక్కదాని మీదే మునివేళ్ల మీద లేవమన్నాను. లేచాడు. మూత్రం, మలం బాగానే ఉన్నాయా, తొడల మధ్య మొద్దుబారిందా అని అడిగాను. ఇబ్బందేమీ లేదన్నాడు. మా న్యూరోసర్జన్ అడ్రసు వాట్సాప్‌లో పెట్టి, వెళ్లేటప్పుడు ఆటో కాకుండా బస్సులో నిలబడి వెళ్లమన్నాను.